అహోబిలపు కొండదారి

నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డకు తూర్పుదిక్కున, నల్లమల కొండల అంచున దిగువ అహోబిలమును, దానికి ఎనిమిది కిలోమీటర్ల దూరమున కొండల నడుమ ఎగువ అహోబిలమును గలవు. ఎగువ గుడివరకు బస్సులు పోవును. అచ్చట స్వామిని సేవించి, కొబ్బరికాయ కొట్టి, వచ్చిన బండిలోనే మరలిపోవువారు పెక్కండ్రు. మేము వ్రాయబూనినది ఆ గుడికి ఆవల మొదలగు కాలిదారిని గూర్చి. భవనాశిని యను వాగు వెంబడి ఆ దారి క్రోడనరసింహుని సన్నిధి మీదుగా జ్వాలానరసింహుని గుహకు పోవును. అంతవరకు సుమారు నాలుగు కిలోమీటర్లు. దానికి పైన నిట్టనిలువుగా లేచిన శిలాశిఖరము ఉగ్రస్తంభము. స్వామి వెడలివచ్చిన స్తంభము అదియే యనియు, హిరణ్యకశిపుని వధించిన చోటు జ్వాలానరసింహుని సన్నిధియే యనియు, పిమ్మట చేతులు కడిగికొన్న మడుగు రక్తకుండమనియు పెద్దలు చెప్పుదురు.

ఎఱ్ఱాప్రగ్గడ నృసింహపురాణమును మా తండ్రిగారు మాచేత పండ్రెండవ యేటనే చదివించిరి. ఆ కావ్యము అహోబిలస్వామికే అంకితము. కావున ఆ స్తంభమును కన్నులార చూడవలయునను కోరిక మాకు చిన్ననాటిది. 2025 ఫిబ్రవరిలో, మాఘమాసపు ఒక శనివారమునాడు, ఆ యాత్ర సమకూడినది. మావారు, అరువది దాటిన వారి అక్కగారు, పొరుగింటి అక్కయ్య, కళాశాలలో చదువుచున్న ఆమె కుమార్తె, మేము కలసి అయిదుగురము.

పర్వతారోహణమనగానే మంచుకొండలును, త్రాళ్లును, ఇనుప గొడ్డళ్లును జ్ఞప్తికి వచ్చును. మన యిండ్లలోని స్త్రీలు ఎక్కు కొండలు అవి కావు. ఇట్టి క్షేత్రముల కొండలే. మొక్కుబడికి పోవుచున్నాము గదా, దేవుడే చూచుకొనునని బయలుదేరుదుము. కొండకు మాత్రము మొక్కుబడికి వచ్చినవారును, విహారమునకు వచ్చినవారును ఒక్కటియే. కాలు జారిన రాయి ఎవరినైనను పడవేయును.

మావారు బడిలో లెక్కలు చెప్పువారు. ప్రయాణమునకు ముందురాత్రి కాగితము తీసికొని ఒక లెక్క వ్రాసిరి. 1892లో స్కాట్లాండు దేశపు పర్వతారోహకుడు నైస్మిత్ ఒక సూత్రము చెప్పెనట: నడకకు గంటకు సుమారు అయిదు కిలోమీటర్లు, ఎక్కవలసిన ప్రతి ఆరువందల మీటర్ల ఎత్తునకు మరియొక గంట. అది దేహదార్ఢ్యము గలవారి లెక్క. చీరతో, చెప్పులతో, మోకాలి నొప్పులతో, అడుగడుగునకు కూర్చుండి లేచువారికి అది చాలదు. కావున మావారు దానిని రెట్టింపు చేసిరి. అప్పటికిని మేము మరియొక గంట కలుపుడంటిమి; వంటలో ఉప్పు తప్ప మరేదియు కొలతకు మించినను నష్టము లేదు గదా. ఆ లెక్కనుబట్టి అందరమును ఒక మాట అనుకొంటిమి: పగలు ఒంటిగంటకు ఎక్కడ నుండినను అక్కడనుండి వెనుకకు మరలవలయును. శిఖరము నాలుగు అడుగుల దూరముననే యుండినను సరియే. లోయలో సూర్యాస్తమయమునకు చాల ముందుగనే నీడ పడును. ఆ రాళ్లమీద చీకటిలో దిగుట ఎవరికిని తగదు.

ఉదయము ఏడున్నరకు ఎగువ గుడివద్ద దారి తెలిసిన మనిషి నొకనిని కుదుర్చుకొని, చేతికర్రలు తీసికొని నడక సాగించితిమి. కర్రను వేళాకోళముగా చూడవలదు. దిగునప్పుడు మోకాళ్లమీద పడు భారమును కొంత అదియే మోయును. వాగులో అడుగు పెట్టుటకు ముందు లోతు చూచుటకును అదియే సాధనము. కోతులు మాత్రము కర్రకు జంకవు. చేతిలో సంచి కనబడిన లాగుకొనిపోవును. తినుబండారములను వీపు సంచిలో అడుగున దాచవలయును.

మాఘమాసము గనుక భవనాశిని సన్నగిల్లి గుండ్రాళ్ల నడుమ పారుచుండెను. వర్షకాలమున ఈ వాగు ఇట్లుండదు. మనము నిలిచిన చోట చినుకైనను పడకున్నను, పైకొండలలో వాన కురిసిన కొంతసేపటికే నీరు ఎఱ్ఱబడి, చెత్తయు ఆకులును తేలివచ్చును. అది వరదకు ముందుగా వచ్చు కబురు. ఆ కబురు చూచినవారు బట్టలు, సంచులు అని చూడక గట్టుమీదికి ఎక్కవలయును. మోకాలి లోతు నీరు వేగముగా పారునెడల నిలువజాలమని దారిచూపు మనిషి చెప్పెను. ఆ మాట నిజము.

పదిన్నరకు జ్వాలానరసింహుని సన్నిధి చేరితిమి. పైనుండి కొండచరియ ముందుకు వంగి గొడుగు పట్టినట్లుండును. వానకాలపు జలపాతము ఆ దినమున సన్నని ధారలుగా రాలుచు ఎండలో మెఱయుచుండెను. ఆ చల్లదనములో కూర్చుండినపుడు మా చూపు వదినగారి నీటిసీసా మీద పడినది. ఉదయము నింపినది నింపినట్లే యున్నది.

“దాహం లేదమ్మాయీ” అనిరి వదినగారు.

దాహము లేకపోవుట గాదు. దాని కారణము ఆమెకు తెలియును, మాకు తెలియును, ఇది చదువుచున్న సోదరీమణులకును తెలియును. దారిలో మరుగుదొడ్డి లేదు. బస్సు ప్రయాణములలోను, పెండ్లి ప్రయాణములలోను, బడులలోను మన స్త్రీలు నేర్చుకొన్న విద్య ఇది: నీరు త్రాగకుండుట. ఇంటిలో దీనివలన తలనొప్పి వచ్చును. కొండమీద ఇది ప్రాణాపాయము. ఎక్కునపుడు దేహము చెమటరూపమున నీటిని విడచుచునే యుండును. దానిని పూరింపనిచో నెత్తురు చిక్కబడును, గుండె వేగము హెచ్చును, కాళ్లు పీకును, తల తిరుగును. దీనికి తోడు ఆ దినము శనివారము. వదినగారు దర్శనమైనదాక ఏమియు ముట్టనని నియమము పెట్టుకొనియుండిరి. దర్శనమైన పిమ్మటను ఒక అరటిపండు మాత్రము తినిరి. నియమము మంచిదే, దానిని కొండ ఎక్కు దినమున గాక ఇంటనుండు దినమున పాటింపవచ్చును.

మరుగు మాటకు ఉపాయము లేకపోలేదు. బయలుదేరు చోటనే వసతి చూచుకొనవలయును. దారిలో అవసరమైనచో ఇద్దరు స్త్రీలు దుప్పటినో పాతచీరనో తెరగా పట్టిన చాలును. వాగునకు కనీసము అరువది మీటర్ల దూరమున ఆ పని జరుగవలయును. ఆ నీరు దిగువవారు త్రాగునది గదా. నెలసరి నాళ్లలో నడువవలసివచ్చిన స్త్రీలు వాడిన గుడ్డలను అడవిలో పారవేయక, మూతగల సంచిలో వెంట తెచ్చుకొనవలయును. ఇవి సిగ్గుపడి దాచుకొను మాటలు గావు. ఇట్టివి ముందుగా ఇంటి స్త్రీలందరును మాటలాడుకొన్నచో ఏ వదినగారును సీసా మూత తీయకుండ కొండ ఎక్కరు.

మేము అడిగిన మీదట వదినగారు నాలుగు గుక్కలు త్రాగిరి. తరువాత ఉగ్రస్తంభపు దారి పట్టితిమి. అది మెట్లదారి కాదు. బండలు, వేళ్లు, జారుడు మన్ను. కొన్నిచోట్ల చేతులు ఆనించి ఎక్కవలయును. పండ్రెండు దాటుసరికి వదినగారి మాట తగ్గినది. పిమ్మట కర్ర చేతినుండి రెండుమారులు జారిపడినది. “బాగానే ఉన్నాను” అని అనుచునే యున్నారు. ముఖము పాలిపోయి, చేయి తడిగా నుండెను. మాకు అనుమానము కలిగి, “వదినగారూ, ఈవేళ ఏవారము?” అని అడిగితిమి. ఆమె కొంచెము ఆలోచించి “శనివారమే కదా, ఏమట్లా అడుగుతావు?” అనిరి. ఆ సమాధానము మాకు ఎంతో ధైర్యము నిచ్చినది. ఎండదెబ్బ తలకెక్కినవారు ఇట్టి ప్రశ్నకు తికమకపడుదురు. దేహపు వేడి నలువది డిగ్రీల సెంటిగ్రేడునకు మించి, మాట తడబడి, మతి తప్పినచో అది ఇంటివైద్యముతో పోవునది కాదు. దేహమును తడిపి, విసరుచు, వెంటనే ఆసుపత్రికి చేర్చవలయును. స్పృహలేనివారి నోట నీరు పోయరాదు.

వదినగారిని బండనీడను కూర్చుండబెట్టి, కాళ్లు కొంచెము ఎత్తునపెట్టి, నడుమున బిగించిన చీర సడలించి, మెడకును చేతులకును తడిగుడ్డ వేసితిమి. మా సంచిలో ఇంటివద్దనే కలిపి తెచ్చిన నీరు గలదు: లీటరు నీటికి ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలువవలయును. దానిని గుక్కగుక్కగా త్రాగించితిమి. అరగంటకు ముఖమున రక్తము కనబడినది.

అప్పటికి ఒంటిగంటకు పది నిమిషములు. పైన శిఖరము కన్నులయెదుట నున్నది. పొరుగింటి అమ్మాయి మావైపు తిరిగి, “పిన్నిగారూ, ఇంకొక్క అరగంటే కదా! మీరు ఇక్కడ కూర్చోండి. మేమూ ఆయనా వెళ్ళి వచ్చేస్తాం” అన్నది. వదినగారు సయితము, “నా మూలంగా మీరెందుకు ఆగాలి? ఇంతదూరం వచ్చి స్తంభం చూడకుండా పోతారా?” అనిరి. ఆ మాట మా మనస్సును ఎట్లు లాగినదో చెప్పజాలము. పండ్రెండవయేటనుండి చూడగోరిన స్తంభమది.

దారి తెలిసినవాడు ఒక్కడే. అతడు పైకి పోయినచో క్రింద జబ్బుతోనున్న మనిషికి దారి లేదు. అతడు క్రింద నిలిచినచో పైకి పోవువారికి లేదు. గుంపు రెండుగా చీలినప్పుడే కొండలలో మనుష్యులు తప్పిపోవుదురు. అందరిలో మెల్లగా నడుచువారి అడుగే అందరి అడుగు. మావారు గడియారము చూచి ఏమియు అనలేదు. సంచి భుజమున వేసికొనిరి. ముందురాత్రి అనుకొన్న మాట అప్పుడు పనికివచ్చినది. కొండమీద, శిఖరము కనబడుచుండగా, తర్కించి నిర్ణయించుట ఎవరితరము? ఇంటిలో దీపముక్రింద చేసిన నిర్ణయమును అక్కడ అమలుపరచుటయే సులభము. అమ్మాయి దారిపొడవునను మాతో మాటలాడలేదు. అది న్యాయమే, ఆ వయస్సున మేమును మాటలాడియుండము.

జ్వాలానరసింహుని సన్నిధివద్ద వట్టిదిగా దిగుచున్న డోలీ యొకటి దొరకుటచే వదినగారిని దానిలో కూర్చుండబెట్టి, నాలుగున్నరకు ఎగువ గుడి చేరితిమి.

కొండలలో నీరొక్కటియే అపాయము కాదు. 2018 మార్చి 11వ తేదీన తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు రేగి, నడకకు వచ్చినవారిలో ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ గుంపులలో ఎక్కువమంది స్త్రీలు. చదువుకొని ఉద్యోగములు చేయు యువతులు. ఎండిన గడ్డిలో నిప్పు ఏటవాలు మీద పైకి మనిషికన్న వేగముగా పరుగెత్తును. నల్లమలలోను ఫాల్గుణము దాటిన గడ్డి అట్లే ఎండును. కావున వేసవిలో అటవీశాఖవారు దారి మూసినచో వారితో వాదింపరాదు; అడవిలో పొయ్యి రాజేయరాదు; హారతి కర్పూరమునైనను గుడి బయట వెలిగింపరాదు.

వెంట కొనిపోవలసినవి పెక్కు లేవు. మనిషికి రెండు లీటర్ల నీరు, చేతిదీపము, గట్టి పట్టుగల బూట్లు, ఒక పొడిబట్ట, ఈల. చేతిదీపమనగా సెల్‌ఫోను దీపము గాదు. ఆ ఫోను మాటలాడుటకు మిగులవలయును. లోయలో సిగ్నలు దొరకని చోట్లు గలవు గనుక, ఏ దారిన పోవుచున్నామో, ఎన్నిగంటలకు తిరిగివత్తుమో ఊరిలో ఒకరికి చెప్పి పోవలయును. సిగ్నలు గల చోట 108గాని 112గాని పిలువవచ్చును. ఈల ఎందుకని నవ్వువారు గలరు. అరచిన గొంతు పది నిమిషములకు పోవును, ఈల పోదు. నిమిషమునకు ఆరుమారులు ఊది, ఒక నిమిషము ఆగి, మరల ఊదుట ఆపదకు గుర్తుగా దేశదేశముల పర్వతములలో చెల్లుచున్నది. పాము కరచినచో కోయుట, పీల్చుట, త్రాటితో బిగించుట కూడదు. కరచిన అవయవమును కదలనీయక, మనిషిని మోసికొని ఆసుపత్రికి పోవలయును.

అన్నిటికంటె ముందు కావలసినది అభ్యాసము. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరమెక్కిన సంగతి మీరెరిగినదే. అంతకుముందు ఆమె భువనగిరి బండమీద ఎక్కుట నేర్చుకొన్న సంగతియు, డార్జిలింగులోను లడాఖులోను చలికి అలవాటుపడిన సంగతియు అంతగా ఎవరును చెప్పుకొనరు. మనకు ఎవరెస్టు అక్కరలేదు. యాత్రకు నెలదినముల ముందునుండి దినమునకు అరగంట మెట్లు ఎక్కి దిగిన చాలును. వంటింటినుండి తిన్నగా కొండకు పోరాదు.

వదినగారు ఈ నడుమ సాయంకాలము వీధి చివర చెరువుగట్టు వరకు నడచుచున్నారు, చేతిలో సీసాతో. మార్గశిరమున మరల అహోబిలము పోవలయునని ఆమెయే అనిరి. జ్వాలానరసింహుని వరకు ఆమెకు డోలీ మాటలాడుదుమని మావారనుచున్నారు. ఆమె ఇంకను ఒప్పుకొనలేదు.