రెప్ప వేస్తే చాలు

ఆన్‌లైన్ సేవల విలువ ఊరికి దూరంగా బతికేవాళ్లనడగాలి. మాది రాయపూర్ దేవేంద్ర నగర్. మా పొలమూ, అమ్మ పింఛను ఖాతా మాత్రం విజయనగరం జిల్లాలోనే ఉండిపోయాయి.

ఈ సేవలన్నిటిలో నేను మనసారా మొక్కేది జీవన్ ప్రమాణ్‌కి. అమ్మకు నాన్నగారి రైల్వే ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఏటా నవంబరులో తాను బతికే ఉన్నట్టు రుజువు చూపించకపోతే అది ఆగిపోతుంది. అందుకని అమ్మను రైలెక్కించి, రాయగడ మీదుగా ఊరు తీసుకెళ్లి, బ్యాంకులో బల్ల మీద కూర్చోబెట్టి సంతకం పెట్టించేవాళ్లం. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ సర్టిఫికెట్ వచ్చింది గానీ, దానికి అమ్మ చేత వేలిముద్ర వేయించేవారు. ఏళ్ల తరబడి అంట్లు తోమి, చింతపండు పిసికి, రోట్లో పచ్చళ్లు రుబ్బిన వేళ్లవి. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. బొటనవేలు పెట్టడం, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టడం, పడలేదనగానే అమ్మ ముఖం చిన్నబోవడం... చూడలేకపోయేవాణ్ని.

2021 నవంబరులో ముఖాన్ని గుర్తుపట్టే పద్ధతి వచ్చాక ఆ బాధ తీరింది. వరండాలో వెలుతురుకి ఎదురుగా అమ్మను కూర్చోబెడతాను. ఆధార్ నంబరు, పింఛను ఆర్డరు (పీపీఓ) నంబరు, ఖాతా నంబరు కొట్టి ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టుకుంటాను. యాప్ రెప్ప వేయమంటుంది. "ఒక్కసారి కళ్లార్పమ్మా" అంటే అమ్మ గట్టిగా మూసి తెరుస్తుంది. కాసేపటికి ప్రమాణ్ ఐడీతో మెసేజ్ వస్తుంది. "అయిపోయిందా బాబూ, ఇంక ఎక్కడికీ వెళ్లక్కర్లేదా?" అని అడుగుతుంది అమ్మ. ఆ మాటలోని నిశ్చింతకు ఎంత ఖరీదు కట్టగలం?

పొలం సంగతీ అంతే. అడంగల్, 1-బి లాంటి భూమి రికార్డులు కావాలంటే ఊళ్లో మావయ్యను బతిమాలేవాళ్లం. పాపం, ఆయన తన పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు 'మీ భూమి' వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొట్టి నేనే చూసుకుంటాను. మావయ్యకు ఫోన్ చేస్తే ఏం పని పురమాయించాలా అన్న మొహమాటం లేదు, కబుర్లే. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో వాట్సాప్‌లోనే 161 సేవలతో 'మన మిత్ర' మొదలైందని విన్నప్పుడు, ఊరు ఇంకాస్త దగ్గరికి జరిగినట్టే అనిపించింది.

అయితే ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లకు ఇవేవీ అందవు. మీ వీధిలో అలాంటివాళ్లుంటే ఈ నవంబరులో ఓ అరగంట వాళ్ల దగ్గర కూర్చోండి. సర్టిఫికెట్ పేరు చెప్పి ఎవరైనా ఫోన్‌లో ఓటీపీ అడిగితే చెప్పొద్దని కూడా హెచ్చరించండి. 80 ఏళ్లు దాటిన కేంద్ర పింఛనుదారులైతే నవంబరు దాకా ఆగక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే సర్టిఫికెట్ ఇవ్వవచ్చు.