సైకిలు మీటరు – మీ నాడి

యాభై దాటాక సైకిలు తొక్కడం మొదలుపెట్టినవాళ్ళు ఈమధ్య నా దగ్గరికి బాగానే వస్తున్నారు. మోకాళ్ళ గురించీ, పొట్ట గురించీ అడిగాక, లేవబోతూ ఒక ప్రశ్న వేస్తారు: "డాక్టరుగారూ, సైకిలుకి మీటరు పెట్టుకుందామనుకుంటున్నాను. ఏది కొనమంటారు?" ఇది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నేనా అనుకుంటారేమో. ముమ్మాటికీ అడగవలసిందే. ఎందుకో నా అనుభవమే చెబుతాను.

మేముండేది కంచన్‌బాగ్‌లో. మిధాని, బి.డి.ఎల్., డి.ఎం.ఆర్.ఎల్. గోడల మధ్య పేట. లోహాలకూ క్షిపణులకూ లెక్కలు కట్టి రిటైరైనవాళ్ళున్న చోట మీటరు లేకుండా సైకిలు తొక్కితే ఊరుకుంటారా? ఉపగ్రహాల సాయంతో దారి చూపేదీ, ఛాతీకి కట్టిన పట్టీ నుంచి నాడి లెక్క అందుకునేదీ ఒకటి కొన్నాను. అది నా వయసడిగింది. 54 అన్నాను. 220లోంచి 54 తీసేసి, నా గుండె గరిష్ఠ వేగం నిమిషానికి 166 అని తేల్చి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉంటే మంచి వ్యాయామమో రంగుల్లో చూపించింది.

వయసడిగింది గాని, ఏం మాత్రలు వేసుకుంటారని అడగలేదు. నేను రక్తపోటుకు మెటోప్రొలాల్ వేసుకుంటాను. బీటా బ్లాకర్లనే ఆ జాతి మందులు గుండె వేగాన్ని అదిమిపెడతాయి. ఎంత తొక్కినా నాడి ఆ లెక్క ప్రకారం పెరగదు. ఈ సంగతి రోగులకు ఏళ్ళ తరబడి చెబుతున్న నేనే, ఒకనాటి ఉదయం డి.ఎం.ఆర్.ఎల్. చౌరస్తా దాటి వెళుతూ, 112 దగ్గర ఆగిపోయిన అంకెను 140కి ఎక్కించాలని పంతం పట్టాను. ఆయాసం వచ్చింది, ఛాతీ పట్టేసింది, కళ్ళు బైర్లు కమ్మాయి. రోడ్డు పక్కన కూలబడ్డాను. "ఆరామ్ సే బైఠో సాబ్" అంటూ టీ బండి అతను నీళ్ళిచ్చాడు. మీటరులో అప్పటికీ 118! మర్నాడు ఇ.సి.జి., ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుంటే అదృష్టవశాత్తు తేడా ఏమీ లేదు. మా ఆవిడ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

మాత్ర మానేస్తే సరి అనుకునేరు. హఠాత్తుగా మానేస్తే గుండెనొప్పి రావచ్చు. అసలు మందులు వాడనివారికైనా 220 లెక్క సగటు మాత్రమే. మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా ఉంటుంది. అంతకన్న నమ్మకమైన కొలత మీ నోట్లోనే ఉంది. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మొదలుపెట్టేవారికి ఆ మాత్రం చాలు. ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే దిగిపోండి, మీటరు ఏం చెప్పినా సరే.

మరి ఏది కొనాలంటారా? వారానికి 150 నిమిషాల మధ్యరకం వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి మీకు ముఖ్యంగా కావలసింది నిమిషాలు. తొక్కిన సమయం, దూరం చూపే మామూలు మీటరు తీసుకోండి. దుకాణంలో కళ్ళజోడు తీసి చూడండి. చత్వారం వచ్చిన కళ్ళకు అంకెలు ఆనకపోతే వద్దు. స్పోక్‌కు అయస్కాంతం బిగించే రకమైతే చక్రం చుట్టుకొలత మీరే ఇవ్వాలి. టైరు మీద సుద్దతో గీత గీసి, సైకిలెక్కి కూర్చుని, చక్రం సరిగ్గా ఒక్క చుట్టు తిప్పి నేలమీద కొలవండి. ఇది చేయక మా పొరుగాయన చాలాకాలం తనకు లేని వేగం చూసుకుని మురిసిపోయాడు.

ఇంట్లో పసిపిల్లలుంటే ఇంకొక్క మాట. ఈ మీటర్లలో చాలావాటికి బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది. పిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించకండి, తక్షణం ఆస్పత్రికి పరుగెత్తండి. బ్యాటరీ గది మరతో బిగించేదై ఉండేట్టు చూసుకోండి.

నా మొదటి మీటరు ఇప్పుడు మా అబ్బాయి సైకిలు మీద ఉంది. వాడికి 26 ఏళ్ళు, మాత్రలేవీ లేవు.