లంబసింగి చలి ఫొటోలో పడుతుందా?

“పొగ బాగానే పడింది. చలి ఏదిరా?”

రెండేళ్ల కిందట లంబసింగి నుంచి మూడొందల ఫొటోలు తీసుకొస్తే, అన్నీ ఓపిగ్గా చూసి అమ్మ అన్న మాట ఇది. ఏమాత్రం మొహమాటపడలేదు. నాన్న చింతపల్లి దగ్గర ఊళ్లో టీచరుగా ఉన్నప్పుడు ఆవిడ నాలుగు శీతాకాలాలు అక్కడే గడిపింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. ఘాట్ రోడ్డు ఎక్కే ఓపిక లేదు. అందుకే నన్ను పంపింది, నేనేమో పొగ తెచ్చాను!

మొన్న డిసెంబర్‌లో మళ్లీ వెళ్లాను. నర్సీపట్నంలో టీ తాగి, డౌనూరు దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెడితే ఒక్కో మలుపుకీ గాలి మారుతుంటుంది. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. పాత పేరు కొర్రబయలు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. దారిపొడవునా ‘ఆంధ్రా కశ్మీర్’ అన్న బోర్డులే. నాకా పేరు నచ్చదు. కశ్మీర్ అనగానే తెల్లటి కొండలు ఊహించుకుని వచ్చేవాళ్లకి ఇక్కడ దొరికేది వేరు. తప్పు మన భాషలోనూ కొంత ఉంది. ఆకు మీద బిందువునీ, లోయలో తెల్లటి తెరనీ, హిమాలయాల మీద గడ్డకట్టినదాన్నీ అన్నిటినీ ‘మంచు’ అనే అంటాం కదా!

చెరువులవేనం కొండ మీదకి తెల్లవారుజామునే చేరాను. మబ్బులేని, గాలిలేని పొడవాటి రాత్రుల్లో నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అందులోని తేమే మంచుతెరగా మారుతుంది. పైన నిలబడ్డవాళ్లకి అది పాలసముద్రంలా కనిపిస్తుంది. ఆ సముద్రం ముందు కనీసం వందమంది సెల్ఫీలు దిగుతున్నారు. నేనూ తీశాను, ఎందుకబద్ధం! తీశాక చూసుకుంటే పోయినసారి ఫొటోలే మళ్లీ వచ్చాయి. ఆ తెల్లదనం ఆషాఢంలో కొండ మీద దిగిన మబ్బయినా కావచ్చు. అది చూసి ఎవరికీ చలి వేయదు.

కొంత తప్పు కెమెరాది కూడా. కెమెరా ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థంగా, బూడిదరంగు వెలుతురుకి లెక్కగడుతుంది. ఎదురుగా అంతా తెలుపే ఉంటే ‘ఇంత వెలుగేమిటి’ అనుకుని తగ్గించేస్తుంది. మంచు మురికిగా, అచ్చం పొగలా వస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాప్ దాకా పెంచితే తెలుపు తెలుపుగా ఉంటుంది. రెండోది రంగు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే, తెల్లారే ముందు నేల మీద ఉండే నీలాన్ని కెమెరా లోపం అనుకుని సరిదిద్దేస్తుంది. మన కంటికి చలి తెలిసేది ఆ నీలంలోనే. ‘డేలైట్’లో పెట్టేస్తే దాని జోలికి పోదు. ఫోన్‌తో తీసేవాళ్లు ప్రో మోడ్‌లో ఈ రెండూ మార్చుకోవచ్చు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కాబట్టి రెండోది చొక్కా జేబులో వెచ్చగా ఉంచుకోండి.

ఎండ ఎక్కాక జనం టిఫిన్లకి దిగిపోయారు. నాకు మాత్రం అప్పుడే పని మొదలైంది. డిసెంబర్‌లో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, సుమారు యాభై డిగ్రీల ఎత్తు దాకే వస్తాడు. అందుకే ఉదయం చాలాసేపు వెలుతురు ఏటవాలుగానే పడుతుంది. సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే గడ్డిపోచ మీది బిందువు, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య సాలెగూడు, వాటికింద కాఫీ మొక్కల ఎర్రటి పళ్లు, అన్నీ అంచులు వెలిగి కనిపిస్తాయి. మనుషుల ఊపిరి కూడా కనిపిస్తుంది, వెనకాల నల్లటి నీడ ఉంటే చాలు.

రెండోరోజు తాజంగి వైపు వెళ్తూ ఒక ఊళ్లో ఆగాను. ఇంటి ముందు నెగడు, దాని పక్కన దుప్పటి కప్పుకున్న ముసలామె. కెమెరా ఎత్తబోయి దించేశాను. పోయినేడాది నాలాంటివాడెవడో అడక్కుండా తీస్తే ఇక్కడే గొడవైందని టీ కొట్టతను చెప్పాడు. దగ్గరికెళ్లి, “అమ్మా, ఫొటో తీసుకోవచ్చా?” అన్నాను.

“ఏటి తీత్తావు?”

“చలిని.”

నవ్వింది. “సలి ఫొటోలో ఎలాగ పడతాది బాబూ? ఒంట్లో పడతాది గానీ. ముందు కూకుని కాగు.”

కూర్చున్నాను. ఈ చలిలో రాత్రుళ్లు నిద్ర పడుతుందా అని అడిగితే, పిల్లలకి దుప్పట్లు సరిపోవని, తెల్లార్లూ నెగడు ఆరకుండా చూసే పని తనదేనని చెప్పింది. నేను గదిలో రెండు రగ్గులు కప్పుకుని పడుకున్న సంగతి ఆమెకి చెప్పలేదు. ఆమె తన ఫొటో వద్దంది. “ఇల్లు తీసుకో” అంది.

ఇంటి పక్క నుంచి తీశాను. ఎండ ఇంకా చేరని నీలి వాకిలి, కొసన ఎండలో ఒక గుప్పెడు వలిసె పూలు, ఆరిపోయిన పాత పొయ్యి, ఆ పొయ్యి బూడిదలో ముక్కు తోకకింద దాచుకుని ముడుచుకున్న ఒక కుక్క. లోయ లేదు, పాలసముద్రం లేదు. వెనకాల కాస్త మంచు ఉంది, అంతే.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ ఇచ్చాను. లోయ ఫొటోలన్నీ చకచకా జరిపేసింది. వాకిలి దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని, వేళ్లతో పెద్దది చేసి చూసింది.

“మన రాజుగాడు కూడా ఇంతేరా, పొద్దున్నే పొయ్యిలో బూడిద ఎత్తనిచ్చేవాడు కాదు” అంది.