విరామమూ వ్యాయామమే

రోహిణి కార్తె తొలి తొమ్మిది దినాలను రాయపూరు వాసులు ‘నౌతపా’ అంటారు. రోళ్లు పగిలే ఆ ఎండలు ముదరకముందే, తెల్లవారుజామున వ్యాయామశాలకు వెళ్లి బరువులెత్తే నలుగురు తెలుగు ఉద్యోగులము మేము. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన నాటి నుండి ఈ విద్యపై మాకు మక్కువ. అయితే డ్యూటీకి వేళవుతుందన్న తొందరలో సెట్టుకూ సెట్టుకూ నడుమ చెమటైనా తుడుచుకునేవారము కాము. ఆగడం అలసత్వమని మా భావన.

ఒకనాడు మాలో పెద్దవారైన అన్నగారు మూడవ సెట్టు ముగించి రొప్పుతున్నారు. “కానివ్వండి, వేళవుతోంది” అని తొందరపెట్టినది మేమే. నాలుగవ సెట్టులో అలసిన నడుము వంగిపోయింది. ఆయన మూడు వారాలు మంచం పట్టారు. ఆ అపరాధభావమే మాకు విరామపు విలువను నేర్పింది.

భారీ బరువునెత్తే వేళ కండరానికి తక్షణశక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ కొద్ది సెకన్లలోనే తరిగిపోతుంది. అది చాలావరకు తిరిగి నిండడానికి సుమారు 3 నిమిషాలు పడుతుంది. కావున ఐదుసార్లకు మించి ఎత్తలేని బరువుకు 3 నుండి 5 నిమిషాలు, మధ్యరకపు బరువుకు సుమారు 2 నిమిషాలు, తేలికపాటి దానికి ఒక నిమిషం ఆగడం ఉచితం. పోటీలలో సైతం ఒకరే వరుసగా రెండుసార్లు ఎత్తవలసివస్తే ఒక నిమిషానికి బదులు రెండు నిమిషాల గడువునిస్తారు.

అన్నగారు మరల వస్తున్నారు. గడియారం ఇప్పుడు ఆయన చేతిలోనే ఉంటుంది. వేళ చాలనినాడు ఒక సెట్టు మానుకుంటున్నాము గాని, విరామాన్ని మాత్రం తగ్గించడం లేదు.