తమ్మిలేటి వెంట వేంగి తోటలు

తమ్మిలేరు పెద్ద నదేమీ కాదు. ఖమ్మం జిల్లా బేతుపల్లి వైపు కొండల్లో పుట్టి, చింతలపూడి మెట్ట మీదుగా దిగి, ఏలూరు దాటి కొల్లేట్లో కలిసిపోతుంది. ఏడాదిలో చాలా నెలలు ఏట్లో ఇసుకే కనిపిస్తుంది. ముసురు పట్టిందంటే మాత్రం రాత్రికి రాత్రే గట్లు ఒరుసుకుని పారుతుంది. తెలుగు నేల తొలి రాజధానుల్లో ఒకటైన వేంగి ఈ ఏటికి చేరువలోనే వెలసింది. ఆ నగరం మట్టిదిబ్బలై మిగిలింది. దాని చుట్టూ తోటలు మాత్రం నేటికీ కాస్తూనే ఉన్నాయి.

నాగిరెడ్డిగూడెం జలాశయం దగ్గర ఏరు కాసేపు నిలుస్తుంది. అక్కడి నుంచి దిగువకు వచ్చేకొద్దీ ఎర్ర నేలల్లో మామిడి, జీడిమామిడి, నిమ్మ, కొబ్బరి, కొబ్బరి నీడన కోకో. విజయరాయి దాటి పెదవేగి వైపు మళ్లితే దారికి రెండు పక్కలా ఆయిల్‌పామ్ మట్టలు కమ్ముకుంటాయి.

ఏలూరుకు ఉత్తరాన పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పెదవేగే ఒకనాటి వేంగి. 4వ శతాబ్దిలో సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనం వేంగి రాజు హస్తివర్మను పేరుపెట్టి చెప్పింది. ఆయన శాలంకాయనుడు. ఆ వంశం వారి ఇలవేల్పు చిత్రరథస్వామి, అంటే సూర్యుడు. 624 ప్రాంతంలో కుబ్జవిష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్యుల ఏలుబడి మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఇక్కడి నేల సారవంతమనీ, పంటలు సమృద్ధి అనీ రాసుకున్నాడు.

ఇప్పుడు పెదవేగిలో ధనమ్మ దిబ్బ, దెందులూరులో భీమలింగం దిబ్బ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. దిబ్బకు రక్షణ ఉంది, మంచిదే. కానీ చాళుక్యుల తామ్రశాసనాలు చూడండి. దానమిచ్చిన పొలానికి ఎల్లలు చెప్పేటప్పుడు చెట్లనూ చెరువులనూ పుట్టలనూ గుర్తులుగా చెక్కించారు. ఆ రోజుల్లో చెట్టు సాక్షి, చెరువు హద్దురాయి. నగరమంటే కోటగోడ ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నీరూ పచ్చదనమూ కలిస్తేనే నగరమని వాళ్లకు తెలుసు. మన రక్షిత కట్టడాల జాబితాల్లో ఆ సగం రాలిపోయింది.

తోట మారకూడదని నేననను. కోకో అమెజాన్ అడవుల నుంచి వచ్చింది, ఆయిల్‌పామ్ పశ్చిమాఫ్రికా నుంచి. ఆ చెట్టు మీద పరిశోధనకు 1995లో కేంద్ర ప్రభుత్వం పెదవేగిలోనే సంస్థ పెట్టింది. ధర నిలకడగా ఉంటుందనీ, కూలీల అవసరం తక్కువనీ రైతు దాన్ని ఎంచుకున్నాడు. అందులో తప్పు లేదు. అయితే నడివేసవిలో ఒక్కో చెట్టు రోజుకు వందల లీటర్ల నీరు అడుగుతుంది. ఆ నీరు బోరు నుంచి రావాలి. బోరులోకి నీరు ఏటి ఇసుక నుంచి, ఊరి చెరువు నుంచి ఇంకాలి. ఇసుక తోడేసి, చెరువు పూడ్చేసి, బోరు మాత్రం ఇంకా లోతుకు దింపుతూ పోతే పాత తోటా దక్కదు, కొత్త తోటా దక్కదు.

ఏలూరుకు రాగానే తమ్మిలేరు రెండు పాయలవుతుంది. ఇక్కడే డెల్టా కాలువలూ ఎదురవుతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా గోదావరి నీరు, పడమటి నుంచి కృష్ణ నీరు ఈ ఊరికి చేరాయి. కాలువల కన్నా చాలా ముందే పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ల వారసులు ఉన్ని దారాన్ని చేత్తో ముడివేసి నేసే తివాచీల మీద పూలూ తీగలూ విరుస్తాయి. ఏలూరు తన తోటల్ని మట్టిలోనే కాదు, మగ్గం మీదా పెంచింది.

ఊరు దాటితే కొల్లేరు. చాళుక్య రాజు రెండో పులకేశి ఐహోలు శాసనం కునాల సరస్సుగా చెప్పిన నీరు ఇదేనని చరిత్రకారుల మాట. కిక్కిస గడ్డి, తామరలు, ఆటపాక ఊరి దగ్గర చెట్ల మీద గూడబాతుల గూళ్లు. ఇంత పెద్ద వనానికి తోటమాలి లేడు, ఏళ్ల నీరే దాన్ని పెంచింది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్సర్ గుర్తింపు దక్కింది. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేస్తే 2006లో ఎన్నింటినో కొట్టేశారు. గట్లు మళ్లీ లేచాయి. పైనుంచి వచ్చిన వరద ఉప్పుటేరు దారి పట్టాలంటే కొల్లేట్లో చోటుండాలి, లేకపోతే ఆ నీరు ఊళ్ల మీదికి ఎదురుతంతుంది.

అందుకే వేంగి వారసత్వమంటే దిబ్బల చుట్టూ వేసిన ముళ్లకంచెతో సరిపెట్టుకోవద్దని నా విన్నపం. పెదవేగి, దెందులూరు చెరువుల హద్దులు తేల్చి రాళ్లు నాటాలి. తమ్మిలేటి ఇసుకను ఏటికే వదిలేయాలి. ముసలి మామిడి చెట్ల అంట్లు సేకరించి పెంచడానికి తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. దిబ్బను కాపాడటానికి చట్టం ఉంది. ఆ దిబ్బకు ప్రాణం పోసిన ఏటిని కాపాడటానికీ అంతే గట్టి పట్టుదల కావాలి.