బయలుదేరిన చోటికే

జర్మనీలో ఎల్బే నది ఒడ్డున రాతెన్ అనే చిన్న ఊరున్నది. అక్కడ రైలు దిగి, పడవలో నది దాటాలి. ఆ పడవకు మోటారు లేదు. పొడుగాటి తీగకు కట్టి ఉంటుంది, నదీప్రవాహమే దాన్ని అవతలి గట్టుకు తోస్తుంది! గట్టెక్కితే అడవి, అడవిలో కోటబురుజులలాగా ఇసుకరాతి గుట్టలు. సుమారు 10 కోట్ల ఏళ్ళనాడు సముద్రం అడుగున పేరుకున్న ఇసుకే ఈ రాయి.

వీటి మధ్యగా 20 కిలోమీటర్లు చుట్టి, చీకటిపడేలోగా మళ్ళీ రేవు చేరాలంటే ఎప్పుడు బయలుదేరాలి? 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు ఆయన ఒక లెక్క చెప్పాడు: 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరొక గంట. మన దారిలో ఎక్కుళ్ళన్నీ కలిసి 600 మీటర్లనుకుంటే, 5 గంటలన్నమాట. అయితే ఈ లెక్కలో అన్నం తినే వేళ లేదు. 1851లో కట్టిన బాస్టై రాతివంతెన ఎక్కి, దిగువన పారే నదిని చూడకుండా ఎవరు కదులుతారు? మరో 2 గంటలు కలపండి.

డిసెంబరులో అక్కడ తెల్లవారేదే 8 గంటలకు, పొద్దు గూకేది 4 గంటలకు. జూన్‌లోనైతే రాత్రి 9 దాటినా వెలుగుంటుంది. కనక జూన్ మేలు.

ఇంకొకటి: చుట్టుదారిలో సగం దాటాక వెనక్కు తిరిగి లాభం లేదు, ముందున్న దారే దగ్గర. కాళ్ళు సాగుతాయో లేదో అంతకుముందే తేల్చుకోవాలి. ఆఖరి పడవ ఎన్నింటికో మాత్రం, పొద్దున నది దాటేటప్పుడే పడవవాణ్ణి అడగాలి.