8009 నంబరు తలుపు

నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో. ఓ ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల సైటు చూసుకోవాలి. ముందు అపాచీ వెబ్ సర్వర్, దాని వెనక రెండు టామ్‌క్యాట్‌లు. టిఫిన్ సెంటరే అనుకోండి. కౌంటర్లో ఆయన ఆర్డరు తీసుకుంటాడు, లోపల మాస్టర్ దోసె వేస్తాడు. ఆర్డర్ని లోపలికి చేరవేసేదే కనెక్టర్.

మేం వాడింది ఏజేపీ. అంటే లోపలివాళ్లకే అర్థమయ్యే పొట్టి భాష. హెచ్‌టీటీపీ అయితే అందరికీ తెలిసిన మామూలు మాట. 'ఏజేపీనే ఫాస్ట్' అని సీనియర్లు అంటే నమ్మేశాను. కొలిచి చూడలేదు. పాత సర్వర్ సెట్టింగులు కాపీ కొట్టి పెట్టేశాను. 8009 పోర్టు బయటికి కూడా తెరిచే ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు.

2020 ఫిబ్రవరిలో ఘోస్ట్‌క్యాట్ లోపం బయటపడింది. ఆ పోర్టుదాకా రాగలిగితే చాలు, అప్లికేషన్‌లోని ఫైళ్లు చదివేయొచ్చు. మా డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్నది అలాంటి ఫైల్లోనే. దాని వెనక రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు. చేతులు చల్లబడ్డాయి. ముందు ఫైర్‌వాల్‌లో పోర్టు మూసేశాను.

ఆ రాత్రే టామ్‌క్యాట్ 9.0.31 వేశాం. సైటు లేవలేదు. కొత్త వెర్షన్‌లో ఏజేపీ వాడాలంటే రహస్య పదం పెట్టాలట. మా మాడ్ ప్రాక్సీ ఏజేపీకి ఆ పదం పంపడం రాదు. అపాచీ 2.4.42తో గానీ ఆ సదుపాయం రాలేదు. మాడ్ జేకేకి వచ్చు గానీ, దాన్ని విడిగా తెచ్చి పెట్టుకోవాలి, ప్రతిసారీ చూసుకోవాలి.

"అన్నా, హెచ్‌టీటీపీకి మారిపోదాం" అన్నాను.

"స్లో అయిపోదురా?"

"ఈసారి కొలుద్దాం అన్నా."

కొలిచాం. మా సైటులో తేడా కనబడలేదు. ఆలస్యమంతా డేటాబేస్ క్వెరీల్లోనే ఉంది. ఒక్కటే చిక్కు, టామ్‌క్యాట్ లాగుల్లో వచ్చినవాళ్లందరికీ అపాచీ అడ్రసే పడింది. రిమోట్ ఐపీ వాల్వ్ పెట్టి, లాగ్ వాల్వ్ సెట్టింగు కూడా మార్చాక సరిపోయింది.

ఏజేపీ చెడ్డదని కాదు. లోపలి నెట్‌వర్క్‌లో, రహస్య పదంతో చక్కగా పనిచేస్తుంది. నేను చేసిన తప్పు అర్థం కానిదాన్ని ఎంచుకోవడం.

ఇప్పుడు జూనియర్లు ఏ కనెక్టర్ మంచిదని అడిగితే, "రాత్రి రెండింటికి సైటు ఆగితే దేన్ని నువ్వొక్కడివే చూసుకోగలవు?" అని అడుగుతాను. హెచ్‌టీటీపీ అయితే ఒక్క కర్ల్ కమాండుతో టామ్‌క్యాట్ బతికుందో లేదో తెలిసిపోతుంది.

పాస్‌వర్డులన్నీ మార్చాం. కానీ అంతకుముందు ఆ తలుపులోంచి ఎవరైనా వచ్చి వెళ్లారా? ఆ పోర్టుకి వచ్చేవాళ్ల లెక్క మేం రాసిపెట్టుకోలేదు. దానికి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.